పెట్టే చెయ్యే పట్టాలి

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానం ఇవ్వాలని మన పెద్దలు అనేవారు. పాపభీతి వల్లో, బంగారం ధర గుర్తొచ్చో, మన ఇళ్ళల్లో పిల్లిని చంపేవాళ్ళు తక్కువే. అందుకు బదులుగా ఇంకో పద్ధతి కనిపెట్టాం. పిల్లిని గోనెసంచిలో వేసి, మూతి బిగించి, స్కూటరు మీద తీసుకుపోయి ఏ చేపల మార్కెట్టు దగ్గరో, కాలవ గట్టునో, పక్క ఊరి గుడి వెనకో విప్పేసి రావడం. చేతికి నెత్తురు అంటదు. కాశీ ఖర్చు లేదు. వదిలేసిన పిల్లి ఏమైందో చూడటానికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు కాబట్టి మనసుకూ ఏమీ అంటదు.

నాకు పిల్లులంటే ప్రత్యేకమైన ముద్దేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. ఒళ్ళో కూచోబెట్టుకుని నిమిరే రకం కాను. అయినా ఈ గోనెసంచి పద్ధతిని తలుచుకుంటే కోపం వస్తుంది. ఎందుకంటే అది క్రూరమైనదే కాక, పనికిరానిది కూడా.

పిల్లి మనిషిని నమ్ముకునేదానికంటే చోటును ఎక్కువ నమ్ముకుని బతుకుతుంది. ఏ ప్రహరీ దూకితే కుక్క అందుకోలేదు, ఏ ఇంటి వెనక ఎలుకలుంటాయి, ఏ వేళకు చేపల బండి వస్తుంది, వాన పడితే ఏ రేకు కింద దూరాలి, ఇవన్నీ తెలిసి ఉండటమే దాని ఆస్తి. కొత్త చోట ఆ ఆస్తి సున్నా. అక్కడ ముందే ఉన్న పిల్లులు దగ్గరికి రానివ్వవు. చాలా పిల్లులు పాత చోటికి తిరిగి రావాలని బయలుదేరి, దారిలో ఏ లారీ కిందో పడతాయి, లేదా తిండి దొరక్క చిక్కి చస్తాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ ప్రకారం, ఆకలికో దాహానికో మాడే పరిస్థితిలో ఏ జంతువునైనా సరైన కారణం లేకుండా వదిలేయడం నేరం. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా పట్టుబట్టి కూర్చోవడం వల్ల పుట్టిన చట్టం ఇది. అయితే మొదటిసారి చేసిన తప్పుకు అందులో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఈ రోజుకీ అంతే. అరలీటరు పాల ప్యాకెట్టు కొనుక్కున్నట్టు కట్టేసి రావచ్చు. విషం పెట్టి చంపడం మాత్రం వేరే సంగతి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద దానికి అయిదేళ్ళ దాకా జైలుశిక్ష పడే వీలుంది. ఆ తేడా గుర్తుంచుకోండి.

పనికిరానిది అని ఎందుకన్నానంటే, ఆ పిల్లి మన వీధికి ఊరికే రాలేదు. ఇక్కడ తిండి ఉంది, ఎలుకలున్నాయి, మూత లేని చెత్తడబ్బాలున్నాయి, కొళాయి కింద నీళ్ళున్నాయి. పిల్లిని తీసేస్తాం, ఇవన్నీ అలాగే ఉంచుతాం. కొన్నాళ్ళకు పక్కవీధిది వచ్చి ఆ చోటు ఆక్రమిస్తుంది. వచ్చేది ఆడదైతే మెట్ల కింద కూనలు పెడుతుంది. అప్పుడు ఇంకో గోనెసంచి వెతుక్కోవాలి.

మరి అసలు దారి ఏమిటి? అది చెప్పేముందు మీకు బాగా తెలిసిన ఒక తగాదా వినిపిస్తాను. అపార్టుమెంటులో ఒక పెద్దావిడ సాయంత్రం మెట్ల కింద గిన్నె పెడతారు. పిల్లులు చేరతాయి. సెక్రటరీ గారు దిగొస్తారు.

"పిన్నిగారూ, మీరు పెట్టబట్టే కదండీ ఇవన్నీ ఇక్కడ చేరుతున్నాయి. కొత్త కారు మీద గీతలు పడ్డాయి, బైకు సీట్లు చింపేస్తున్నాయి. రాత్రిళ్ళు పసిపిల్లలు ఏడ్చినట్టు ఆ ఏడుపులు!"

"నేను పెట్టకపోతే పోతాయా బాబూ? మీ చెత్తడబ్బా బోర్లేసుకుని తింటాయి. నోరులేని జీవం గుమ్మంలో నిలబడితే నాకు ముద్ద దిగదు."

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇద్దరూ పట్టించుకోని సంగతి కూడా ఒకటుంది. ఆ గిన్నె చుట్టూ చేరినవాటిలో ఒకటి రెండు చూలుతో ఉన్నాయి.

ఆడపిల్లికి అయిదారు నెలలకే, ఒక్కోసారి నాలుగో నెలకే ఎద వస్తుంది. రెండు నెలలు మోస్తుంది, నాలుగైదు కూనలు పెడుతుంది. పగటి వెలుతురు ఎక్కువగా ఉండే కాలంలో పిల్లులు ఎదకు వస్తాయి. చలిదేశాల్లో అది కొన్ని నెలలే. మన ఎండల దేశంలో ఎద లేని విరామం పెద్దగా ఉండదు. కూనలు పాలు తాగుతుండగానే తల్లి మళ్ళీ చూలు కట్టవచ్చు. ఏడాదికి రెండు మూడు కాన్పులు మామూలే. ఒక ఆడపిల్లి, దాని సంతానం కలిసి ఏడేళ్ళలో నాలుగు లక్షల ఇరవై వేలు అవుతాయని జంతుప్రేమికుల పోస్టర్ల మీద రాస్తుంటారు. నేను ఆ లెక్కను నమ్మను, మీరూ నమ్మకండి. ఆ లెక్కలో చావు లేదు. పుట్టినవన్నీ బతికితే ఈపాటికి మన వీధుల్లో అడుగు పెట్టే చోటు ఉండేది కాదు.

చావు కలిపిన లెక్క ఒకటి చెబుతాను. అమెరికాలోని నార్త్ కరోలినాలో పశువైద్య పరిశోధకులు బయట తిరిగే పిల్లుల కాన్పులను వరసగా గమనించి, 2004లో ఫలితం ప్రచురించారు. 169 కూనల్లో 127 ఆరు నెలలు నిండకుండానే చనిపోయాయి, లేదా కనిపించకుండా పోయాయి. అంటే నూటికి 75. కారణం తెలిసిన చావుల్లో ఎక్కువ భాగం కుక్కలు కరవడం, వాహనాల కింద పడటం లాంటి దెబ్బల వల్ల. మన కుక్కలు, మన ట్రాఫిక్కు, మన వానలు తలుచుకుంటే ఇక్కడ పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉంటుందని నేను అనుకోను. "మా వీధిలో ఎప్పుడూ ఆరేడు పిల్లులే ఉంటాయండీ, పెరగడం లేదు" అని ఎవరైనా అంటే దానర్థం అక్కడ పుట్టినవి పుట్టినట్టే చస్తున్నాయని. మనం చూడం. అవి డ్రైనేజీ గొట్టాల్లో, మిద్దె మీద ట్యాంకు వెనక, కారు బానెట్టులో చస్తాయి.

ఇక్కడే తిండి పెట్టేవాళ్ళతో నాకు పేచీ. తిండి మాత్రమే పెట్టి ఊరుకుంటే తల్లి ఒంట్లో సత్తువ పెరుగుతుంది, కాన్పులు తప్పవు, కూనలు అలాగే పోతాయి. అలాగని తిండి ఆపేయమని నేను అనడం లేదు. తిండి పెట్టడం సగం పని. మిగతా సగం, వాటిని పట్టి, కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబీస్ టీకా వేయించి, మళ్ళీ అదే చోట వదలడం. ఈ రెండో సగం ఎవరు చేయగలరంటే, మొదటి సగం చేస్తున్నవాళ్ళే. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి వలలు పట్టుకుని పరుగెత్తితే పిల్లి దొరకదు. రోజూ ఒకే వేళకు ఒకే చోట గిన్నె పెట్టే మనిషి అడుగుల చప్పుడు దానికి తెలుసు. ఏది చూలుది, ఏది పాలిస్తోంది, ఏ గండుపిల్లి కొత్తగా వచ్చింది, ఏది రెండు రోజులుగా రాలేదు, ఇదంతా ఆ పెద్దావిడకే తెలుసు. పెట్టే చెయ్యే పట్టాలి.

ఇది జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూబరీపోర్ట్ అనే రేవుపట్నం ఉంది. మెరిమాక్ నది సముద్రంలో కలిసే చోటు. చేపల వాసన ఉన్నచోట పిల్లులు ఉండటం కాకినాడలో, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎంత సహజమో అక్కడా అంతే. 1992 నాటికి ఆ ఒడ్డున దాదాపు 300 పిల్లులు ఉండేవి. పర్యాటకులు వచ్చే చోట ఇదేమిటని హోటళ్ళవాళ్ళు గొడవపెట్టారు. స్థానికులు కొందరు పూనుకుని వాటిని పట్టడం మొదలుపెట్టారు. మనిషికి అలవాటుపడ్డవాటిని, చిన్న కూనలను ఇళ్ళకు ఇచ్చారు. మచ్చిక కానివాటికి ఆపరేషన్ చేయించి మళ్ళీ ఆ ఒడ్డునే వదిలారు, రోజూ తిండి పెట్టారు. కొత్త కూనలు పుట్టడం ఆగింది. ఉన్నవి వయసు మీరి ఒక్కొక్కటే పోయాయి. జోరో అని పేరు పెట్టుకున్న చిట్టచివరి పిల్లి 2009 డిసెంబరులో, పదహారేళ్ళ వయసులో చనిపోయింది. మూడు వందల నుంచి సున్నాకి పదిహేడేళ్ళు పట్టింది. సంఖ్య తగ్గించడానికి చంపే దారి పట్టలేదు.

పదిహేడేళ్ళా అని పెదవి విరవకండి. గోనెసంచి పద్ధతి మనం ఎన్ని తరాలుగా చేస్తున్నామో లెక్క వేసుకోండి. ఇటలీ అయితే దీన్ని చట్టంగానే చేసుకుంది. 1991లో చేసిన 281వ నంబరు చట్టం ప్రకారం అక్కడ వీధి పిల్లులను చంపకూడదు, ఆపరేషన్ చేసి తిరిగి వాటి చోటనే వదలాలి. రోమ్ నగరం నడిబొడ్డున జూలియస్ సీజర్ హతమైన ప్రాంతపు శిథిలాల మధ్య ఇప్పటికీ పిల్లుల స్థావరం ఒకటి నడుస్తోంది.

సరే, పని ఎలా మొదలుపెట్టాలి?

ముందు రోజూ ఒకే సమయానికి తిండి పెట్టడం అలవాటు చేయండి. వాకిళ్ళకు, పార్కింగుకు, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా ఒక మూల ఎంచుకోండి. అరగంట చూసి గిన్నె తీసేయండి. రాత్రంతా వదిలేస్తే పందికొక్కులు, బొద్దింకలు, కుక్కలు చేరతాయి, మీ మీద ఫిర్యాదులూ చేరతాయి. నీళ్ళ మూకుడు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. రెండు వారాల్లో మీ పిల్లులన్నీ గడియారం చూసుకున్నట్టు వస్తాయి.

పట్టడానికి తీగ వల బోను కావాలి. ఎలుకల బోను ఎలా పనిచేస్తుందో అదే సూత్రం, పరిమాణం పెద్దది. లోపల పలక మీద కాలు వేస్తే వెనక తలుపు పడుతుంది. జంతు సంక్షేమ సంఘాల దగ్గర అడిగితే కొన్నిచోట్ల అరువు ఇస్తారు. ముందు నాలుగైదు రోజులు తలుపు పడకుండా కట్టేసి, బోనులోనే తిండి పెట్టండి, భయం పోతుంది. ఆపరేషన్‌కు ముందు రాత్రి పెద్ద పిల్లులకు తిండి ఆపాలి, నీళ్ళు మాత్రం ఉంచవచ్చు. ఆకలి మీద ఉన్న పిల్లికి ఎండు రొయ్యల వాసన చూపిస్తే ఎంత అనుమానం ఉన్నా లోపలికి నడుస్తుంది. తలుపు పడగానే అది ఎగిరెగిరి కొట్టుకుంటుంది. కంగారు పడకుండా బోను మొత్తం మందపాటి దుప్పటితో కప్పేయండి. చీకటి కాగానే చల్లబడుతుంది. చేత్తో పట్టుకోవడానికి మాత్రం ఎవరూ సాహసించకండి. చుట్టుపక్కల పిల్లలతో గోల చేయించకండి.

ఒకేసారి అన్నింటినీ చేయించే స్తోమత లేకపోతే ముందు ఆడవాటిని చేయించండి. పది గండుపిల్లుల్లో తొమ్మిదింటికి ఆపరేషన్ చేయించినా, మిగిలిన ఆ ఒక్కటి చాలు వీధిలోని ఆడవాటన్నింటికీ. రాత్రి ఏడుపులు, గోడల మీద ఆ ఘాటు వాసన, ఒళ్ళంతా రక్కుకుని చేసుకునే గాయాలు మాత్రం గండుపిల్లుల ఆపరేషన్ తరవాతే తగ్గుతాయి. సెక్రటరీ గారికి ఆ మాట చెబితే చందా ఇవ్వడానికి ముందుకొస్తారు. ఆ ఏడుపులను అపశకునం అంటారు గానీ అది ఎద కేక, అంతే.

పాలిస్తున్న తల్లి దొరికితే జాగ్రత్త. పొదుగు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు తడిసి అతుక్కుని ఉంటే ఎక్కడో కూనలు ఎదురుచూస్తున్నాయని అర్థం. వాటికి రెండు నెలలు నిండేదాకా ఆగడం మంచిది. లేదంటే వైద్యుడితో మాట్లాడి ఆపరేషన్ చేయించి, మత్తు దిగాక అదే రోజు సాయంత్రానికి వదిలేయాలి.

మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన ఒక సెంటీమీటరు తిన్నగా కత్తిరిస్తారు. అది చూసి "అయ్యో, చెవి కోశారే" అని కొందరు బాధపడతారు. ఆ కత్తిరింపు లేకపోతే ఏది చేయించినదో ఏది కాదో దూరం నుంచి తెలియదు. తెలియక మళ్ళీ పట్టి, మళ్ళీ మత్తిచ్చి, మళ్ళీ పొట్ట కోయడం కంటే ఆ చెవి కొన ఎంత? మత్తు పూర్తిగా దిగేదాకా వదలకూడదు. మగవాటికి ఒక రాత్రి సరిపోతుంది. ఆడవాటిని రెండు మూడు రోజులు పొడి చోట ఉంచగలిగితే మంచిది. వదిలేటప్పుడు పట్టిన చోటే వదలండి. "ఎలాగూ పట్టాం కదా, అటే ఎక్కడైనా వదిలేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. వినకండి.

ఎక్కడ చేయిస్తారు? తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి. నగరాల్లో ప్రైవేటు క్లినిక్కులున్నాయి. హైదరాబాద్‌లో అమల అక్కినేని స్థాపకుల్లో ఒకరైన బ్లూ క్రాస్ 1990ల నుంచి పనిచేస్తోంది. మండలాల్లోని పశువుల ఆసుపత్రులు ముఖ్యంగా గేదెలకు, ఆవులకు, మేకలకు అలవాటుపడ్డవి. పిల్లికి మత్తు ఇవ్వడం వేరే మెళకువ. కాబట్టి ముందుగా ఫోన్ చేసి, పిల్లుల ఆపరేషన్లు చేసిన అనుభవం ఉందా అని అడిగి వెళ్ళండి. ఖర్చు చోటును బట్టి మారుతుంది. వినాయక చవితి పందిరికి వసూలు చేసే చందాలో చిన్న వాటా తీస్తే ఒక అపార్టుమెంటు పిల్లులకు సరిపోతుందని నా అంచనా. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు ఎక్కువగా కుక్కల గురించే మాట్లాడతాయి. అయినా సముదాయ జంతువులకు తిండి పెట్టే ఏర్పాటు నివాసుల సంఘం చూడాలని, మెట్లకు, గేట్లకు, పిల్లల ఆటస్థలాలకు దూరంగా చోటు కేటాయించాలని అందులో ఉంది. పిన్నిగారూ సెక్రటరీ గారూ ఇద్దరూ చదవదగ్గ కాగితం అది.

తిండి గురించి కొన్ని మాటలు. మన ఇళ్ళల్లో పిల్లికి పెరుగన్నమే పెడతాం, పాలు పోస్తాం. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో తగినంత తయారుకాదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది లేకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. కటిక శాకాహారులైన ఇళ్ళవాళ్ళకు ఇది ఇబ్బందే, నాకు తెలుసు. ప్యాకెట్లలో దొరికే పిల్లి మేత వాళ్ళకు మధ్యేమార్గం. చేపలు కోసేవాళ్ళ దగ్గర తలకాయలు అడిగి తెచ్చి, ఉప్పు కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, కాస్త అన్నంలో కలిపితే చవకలో అయిపోతుంది. నిన్నటి పులుసులు, వేపుళ్ళు వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురును పాడుచేస్తాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు పట్టుకుంటాయి. తెనాలి రామలింగడి పిల్లి పాలను చూసి పారిపోయిందని కథ చెప్పుకుంటాం. వేడిపాల సంగతి అలా ఉంచి, కడుపు సంగతి చూసినా దానిది తెలివైన పనే.

ఇంకో ముఖ్యమైన మాట. ఒళ్ళు వేడిగా ఉందని పిల్లికి ఎవరూ పారాసెటమాల్ వేయకండి. మనకు రోజువారీ మాత్ర అయిన అది పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. జాలితో చేసిన వైద్యం వల్ల పోయిన పిల్లులు తక్కువేమీ కాదు.

కూనలు కనిపించినప్పుడు కూడా మన జాలే తొందరపడుతుంది. మెట్ల కింద నాలుగు కూనలు ఒంటరిగా ఉన్నాయని అట్టపెట్టెలో వేసుకుని తెచ్చేస్తాం. పిల్లి కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన సామెతే చెబుతోంది కదా. తల్లి ఒక్కొక్కదాన్నీ నోట కరచుకుని కొత్త చోటికి చేరుస్తూ ఉండవచ్చు, తిండికి వెళ్ళి ఉండవచ్చు. వైష్ణవులు మార్జాల కిశోర న్యాయం అంటూ శరణాగతిని వివరించింది ఈ తల్లిని చూసే. ఆ తల్లిని నమ్మండి. దూరంగా ఉండి కొన్ని గంటలు చూడండి. కూనలు పొట్టలు నిండి, నిద్రపోతూ, శుభ్రంగా ఉంటే తల్లి ఉన్నట్టే. ఒళ్ళు చల్లబడి, అదేపనిగా అరుస్తుంటేనే చేయి వేయాలి. అప్పుడు కూడా ముందు వెచ్చదనం, తరవాతే పాలు. చల్లబడ్డ కూనకు పాలు పడితే అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. ఉగ్గుగిన్నెతో వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, పిల్లి కూనల కోసమే దొరికే పాలపొడిని నీళ్ళలో కలిపి చిన్న సీసాతో పట్టాలి. మరీ పసివైతే రాత్రిళ్ళు కూడా రెండు మూడు గంటలకోసారి.

కూనకు రెండో వారం నుంచి ఏడెనిమిదో వారం లోపు మనిషి చేయి అలవాటైతే ఇంటి పిల్లి అవుతుంది. ఆ కాలం దాటిపోయాక పట్టుకొచ్చి ఇంట్లో బంధిస్తే మంచం కిందే బతుకు వెళ్ళదీస్తుంది. మచ్చిక కాని పెద్ద పిల్లికి ఇల్లు ఇవ్వడం దయ కాదు. దాని వీధిని దానికి ఉంచడమే దయ.

వానాకాలం, చలికాలం ఉదయాల్లో బండి తీసేముందు, లోపల దూరిన కూనలు బయటికి వచ్చేలా, బానెట్టు మీద రెండు దెబ్బలు కొట్టండి. ఎలుకల కోసం జిగురు అట్టలు పెట్టేవాళ్ళు ఆ అలవాటు మానండి. కూనలు అతుక్కుపోతాయి. ఎక్కడైనా అలా కనిపిస్తే లాగకండి, వంటనూనె రాసి మెల్లగా విడదీయండి.

మనుషుల భయాలనూ కొట్టిపారేయలేం. పిల్లి కరిచినా, రక్కినా వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయకూడదు. ప్రభుత్వాసుపత్రిలో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు, అదే రోజు వెళ్ళాలి. కుక్క కాదు కదా అని ఊరుకోవద్దు. గర్భిణులకు వచ్చే టాక్సోప్లాస్మా ఇన్ఫెక్షన్ పిల్లి మలం ద్వారా రావచ్చన్నది నిజం. సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని ఆకుకూరల వల్ల, మట్టి పని వల్ల కూడా వస్తుందన్నది కూడా అంతే నిజం. గర్భిణి పిల్లి మలం ఎత్తకుండా ఉంటే, చేతులు కడుక్కుంటే చాలు. పిల్లి ఎదురుపడితే గర్భం పోతుందనేది ఒట్టి మాట.

పిల్లుల పక్షం మాట్లాడేవాళ్ళు దాటేసే సంగతి ఒకటి ఉంది, దాన్ని కూడా చెప్పాలి. పిల్లి వేటగత్తె. అమెరికాలో పిల్లుల వల్ల ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులు చస్తున్నాయని 2013లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లుల పనే. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. అందుకే నేలపట్టు, ఉప్పలపాడు, కొల్లేరు లాంటి పక్షుల నెలవుల చుట్టుపక్కల పిల్లులను వదిలి రావడం రెండు వైపులా నేరమే. కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లి ఉంటుంది, అరుదైన జీవి. ఊరి పిల్లుల జబ్బులు దానికి సోకే దారి మనం తెరవకూడదు. చెరకు కోతల్లో కనిపించే కూనలు కూడా చాలావరకు అడవిపిల్లివే. వాటిని ఇంటికి తేకుండా ఉన్నచోటే ఉంచితే తల్లి రాత్రికి వచ్చి తీసుకుపోతుంది. సంఖ్య తగ్గాలని పక్షిప్రేమికులూ కోరుతున్నారు, చావులు తగ్గాలని పిల్లిప్రేమికులూ కోరుతున్నారు. ఆపరేషన్ దగ్గర ఇద్దరికీ పేచీ లేదు, కనీసం ఊళ్ళ వరకు.

సగం సగం చేస్తే ఫలితం ఉండదు. పది పిల్లుల్లో మూడింటికి చేయించి ఫోటోలు దిగితే మిగతా ఏడూ ఏడాదిలో లెక్క పూరించేస్తాయి. ఒక గుంపులో కనీసం ముప్పావు వంతుకు, అదీ తక్కువ కాలంలో జరగాలి. కాబట్టి ఊరంతటినీ ఉద్ధరించాలనుకోకండి. ఒక్క వీధి తీసుకోండి, పూర్తి చేయండి, తరవాతి వీధికి వెళ్ళండి.

ఈ ఆదివారం సాయంత్రం ఒక కాగితం పట్టుకుని మీ వీధిలో తిరగండి. ఎన్ని పిల్లులున్నాయి, వాటిలో ఆడవి ఎన్ని, ఎడమ చెవి కత్తిరించినవి ఎన్ని, రాసుకోండి. తిండి పెడుతున్నది ఎవరో కనుక్కుని వాళ్ళతో మాట్లాడండి. ఆ మనిషి మీరే అయితే సోమవారం పొద్దున్నే మీకు దగ్గర్లోని పశువైద్యుడికి ఫోన్ చేయండి.